బోటాటౌంగ్ ద్వీపకన్య

బోటాటౌంగ్‌లో రంగూన్ రేవు వైపు దిగే సందుల్లో తెల్లవారిందని తెలియడానికి ఎవరికీ గడియారం అక్కర్లేదు. “పే... ప్యో!” అని రత్నం వేసే కేక ఒకటి చాలు. నెత్తి మీద అల్యూమినియం బేసిను, బేసినులో అరిటాకు కప్పిన ఉడికించిన బఠాణీలు, ఆ కింద అరవై దాటిన రత్నం. పై అంతస్తుల వాళ్ళు కిటికీలోంచి తాడుకు సంచీ కట్టి దించుతారు. ఆమె బఠాణీల పొట్లం అందులో వేసి తాడు లాగుతుంది. పైన ఎవరూ లాక్కోకపోతే ఇంకో కేక. ఆ కేకకు ఒకసారి మూడో అంతస్తులో ఒకాయన కట్టుడుపళ్ళు జారి రోడ్డు మీద పడ్డాయని చెప్పుకుంటారు. అది రెండో అంతస్తే అంటుంది రత్నం. లేనిపోనివి కలిపి చెప్పడం ఆవిడకు గిట్టదు.

ఆమె తాత భీమిలి దగ్గర్నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడ బియ్యం మిల్లులో చేరాడు. తండ్రి రేవులో బస్తాలు మోశాడు. మొగుడు నరసింహం అదే రేవులో గొడౌను మేస్త్రీగా చేసి, మోకాళ్ళు పట్టేశాక మానుకున్నాడు. నరసింహం మీసం రేవంతటికీ తెలుసు. రెండు చేతులతో మెలితిప్పి వదిలితే చెవుల దాకా పోతుంది. ఆ మీసం చూసి బస్తాలు వాటంతటవే లారీ ఎక్కేవని ఆయన టీ దుకాణం స్నేహితుడు సత్తిబాబు అంటూ ఉంటాడు. ఇంట్లో మాత్రం ఆ మీసానికి అంత విలువ లేదు. బఠాణీల్లో రాళ్ళు ఏరడం దాని యజమాని పనే.

ఆ సందు చివర పాత చెక్క మేడ ఒకటుంది. ఒకప్పుడు అందులో ఊ ఫో ల్విన్ అనే చిత్రకారుడు ఉండేవాడు. దేశమంతా ఆయన్ని ద్వీపాల చిత్రకారుడు అంటారు. నీలం సముద్రం, వంగిన కొబ్బరిచెట్లు, పడవల మీద నల్లటి నిగనిగలాడే పిల్లలు... జీవితమంతా అవే వేశాడు. నిజానికి ఆయన వయసులో ఉండగా దక్షిణాన మెయిక్ దీవులకు వెళ్ళింది ఒక్కసారే. అక్కడ మూడు నెలలున్నాడు. అందులో రెండు నెలలు జ్వరంతో చాప మీదే ఉన్నాడు. తిరిగొచ్చి, బోటాటౌంగ్‌లో ఇంటి వెనక పెరట్లో అరిటి గుబురు ముందు కూర్చుని నలభై ఏళ్ళు ఆ ద్వీపాన్నే వేస్తూ పోయాడు.

ఆయన పోయాక ఇల్లు చాలాకాలం మూతబడి ఉండి, ఈమధ్య ఆయన తమ్ముడి మనవరాలు మ తందా చేతికి వచ్చింది. ఆవిడ దానికి రంగులు వేయించి మ్యూజియం పెట్టింది. బోర్డు ఉంది, టిక్కెట్టు ఉంది, ఆయన వాడిన గొడుగు అద్దాల పెట్టెలో ఉంది. లేనివల్లా ఆయన వేసిన బొమ్మలే. అవన్నీ ఆయన బతికుండగానే అమ్ముడుపోయి విదేశాల్లో ఎవరెవరి గోడల మీదో ఉన్నాయి. మ తందా వాటి ఫొటోలు తెప్పించి, పెద్దవిగా అచ్చు వేయించి, మంచి చట్రాలు కట్టించి వేలాడదీసింది. చూడటానికి వచ్చేవాళ్ళలో సగం పెళ్ళి ఫొటోలు దిగే జంటలు. తక్కిన సగం కరెంటు పోయినప్పుడు జనరేటరు పంకా కింద కూర్చోడానికి వచ్చే సందులోని ముసలాళ్ళు.

రత్నం రోజూ పొద్దున వెనక గుమ్మంలో బఠాణీలు ఇచ్చి వెళ్ళిపోయేది. ముందు హాల్లోకి ఎప్పుడూ పోలేదు. ఒకరోజు వెనక ఎవరూ కనబడక, మ తందాను పిలుస్తూ హాల్లోకి వచ్చింది. వచ్చి, ఆగిపోయింది.

ఎదురుగోడ మీద నిలువెత్తు బొమ్మ. వెనక సముద్రం. ముందు ఒక పిల్ల, ఒళ్ళో పెద్ద బొప్పాయి, మోకాళ్ళ దాకా విరబోసిన జుట్టు. పొడుగాటి రెప్పలు సగం వాల్చి, నవ్వు రాబోతుంటే పెదవులు బిగించి అటు ఎటో చూస్తోంది. కింద చీటీ మీద బర్మీస్‌లో ‘ద్వీపకన్య, మెయిక్ దీవులు’ అని రాసి ఉంది.

రత్నం బేసిను కింద పెట్టేసింది. “ఓలమ్మో!” అంది. అది కేక కాదు. ఆమె నోట్లోంచి అంత చిన్న గొంతు రావడం మ్యూజియంలో టిక్కెట్లిచ్చే అబ్బాయి అదే వినడం.

పదహారేళ్ళప్పుడు ఒక వేసవిలో ఆమె ఈ ఇంటి పెరట్లో బొప్పాయి ఒళ్ళో పెట్టుకుని మధ్యాహ్నాలు కూర్చుంది. సందులో తెలుగు పిల్లలు ద్వీపంవాళ్ళలా నల్లగా ఉంటారని ఊ ఫో ల్విన్ పిలిచేవాడు. కూర్చున్నందుకు ఐసు వేసిన షర్బత్తు ఇచ్చేవాడు. బొమ్మ మాత్రం చూపించలేదు. తడి ఆరకముందే చూస్తే బొమ్మకు దిష్టి తగులుతుందనేవాడు. తర్వాత ఎవరో దొర కొనుక్కుపోయాడని విన్నారు. రత్నానికి పెళ్ళికి ముందు ఫొటో ఒక్కటీ లేదు. పెళ్ళిలో తీసిన ఒకే ఒక్క ఫొటోలో కళ్ళు మూసుకుని ఉంది. తను పదహారేళ్ళప్పుడు ఎలా ఉండేదో చూపించమంటే దేవుడు కూడా చూపించలేడనుకుంది ఇన్నాళ్ళూ. అలాంటిది, ఆ పిల్ల ఇక్కడ చట్రంలో, పంకా గాలికి హాయిగా కూర్చుని ఉంది.

మ తందా వచ్చేసరికి రత్నం కళ్ళు తుడుచుకుంటోంది.

“ఏమైంది డా యదనా?” అంది మ తందా. బర్మీస్‌లో డా అంటే గారు, యదనా అన్నా రత్నమే.

“ఇది నేను,” అంది రత్నం.

మ తందా బొమ్మ వైపు చూసింది, రత్నం వైపు చూసింది, మళ్ళీ బొమ్మ వైపు చూసింది. మర్యాద తెలిసిన మనిషి. “బొప్పాయి బాగుంది కదా,” అంది.

మర్నాడు రత్నం మొగుణ్ణి లాక్కొచ్చింది. దారి పొడుగునా “ఎవులున్నారో సూడు మావా, సూసి సెప్పు” అంటూనే ఉంది. నరసింహం వచ్చి బొమ్మ ముందు నిలబడ్డాడు. నిలబడి, దగ్గాడు. చెయ్యి మీసం మీదకు పోయి అక్కడే ఉండిపోయింది.

“ఎవులే ఇది?” అన్నాడు.

“నానే!”

“నువ్వా?” నరసింహం చాలాసేపు చూశాడు. “నువ్వు కాదు. ఒగ్గేయ్.”

“నాను కానని నీకెలా తెలుసు? నువ్వు నన్ను అప్పుడు సూశావేటి?”

“నీ మొకం నాకు తెల్దా? ఇది నువ్వు కాదంటే కాదు. ఇంటికి పద.”

ఇంటి దగ్గర రత్నం రెండు పూటలు ఆయనకు వడ్డించకుండా గిన్నె ముందు పెట్టేసి పోయింది. ఆయన బాధ ఏమిటో ఆమెకు అర్థమైంది. బొమ్మలో పిల్లకు రవిక లేదు. ఎర్రబట్ట చంకల కిందుగా చుట్టి ఉంది, భుజాలు బయటికే ఉన్నాయి. పెళ్ళాం భుజాలు ఊరంతా టిక్కెట్టు కొని చూస్తుంటే ఏ మీసం ఊరుకుంటుంది? పైకి కోపం తెచ్చుకుంది గానీ, ఈ వయసులో మొగుడికి ఈర్ష్య పుట్టించానని లోపల కాస్త పొంగింది కూడా. ఆ పొంగు ఎక్కువైంది ఎందుకంటే, నరసింహం ఆ రోజు నుంచి టీ దుకాణం మాని రోజూ మ్యూజియానికి పోవడం మొదలుపెట్టాడు. హాల్లో బల్ల మీద, బొమ్మకు సరిగ్గా అడ్డంగా కూర్చుంటాడు. ఎవరైనా దగ్గరకొచ్చి ముఖం పరీక్షగా చూడబోతే, “అక్కడ గొడుగుంది, పోయి సూడండి,” అని పక్కకు తోలతాడు.

“కాపలా కాత్తన్నాడమ్మా,” అని రత్నం సందంతా చెప్పింది. బఠాణీలు కొన్నవాళ్ళకీ కొననివాళ్ళకీ చెప్పింది. ఒక శుక్రవారం ఉప్పు, ఎండుమిరపకాయలు తీసుకెళ్ళి బొమ్మకు దిష్టి తీసింది. మిరపకాయలు హాల్లోనే కాల్చబోతే మ తందా చేతులు పట్టుకుని బతిమాలింది.

ఆ కబురు పక్క సందులో ఉండే సుధామణి చెవిన పడింది. సుధామణి పొడుగ్గా, సన్నగా ఉండే మనిషి, జాకెట్లు కుట్టేది. రత్నానికి చిన్నప్పటి నుంచీ స్నేహితురాలు, వరసకు వదిన. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని, టిక్కెట్టు కొనుక్కుని, బొమ్మ ముందు నిలబడి, “అదేటి, ఇది నాను గదా!” అంది.

రత్నం బేసిను అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చింది.

“ఒదినా, నీకు కళ్ళజోడు మార్చే టైమొచ్చింది,” అంది.

“నాకు కాదు, నీకు. ఆ సేతులు సూడు. అవి నీ సేతులా? నీవి రోలుకాడి సేతులు.”

“జుత్తు సూడు! మోకాలి కిందకి. నీకెప్పుడైనా ఉందా అంత? పిలక దాటలేదు.”

“నన్నూ కూకోబెట్టాడు ఆ పెద్దాయన! బొప్పాయితోటే!”

“ఎప్పుడు? నాకెందుకు సెప్పనేదు?”

“నువ్వు నాకు సెప్పినావేటి?”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ వేసవిలో ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు ఆ పెరట్లో కూర్చున్నారన్నమాట. రవిక లేకుండా కూర్చున్నామని ఇంట్లో తెలిస్తే వీపు చీరేస్తారని ఇద్దరూ నోరు మూసుకున్నారు. ఆ సంగతి తెలియగానే జాలిపడి కావలించుకోవాల్సింది. కానీ ఎదురుగా బొమ్మ ఉంది, బొమ్మకు ముఖం ఒకటే ఉంది.

సందులు రెండుగా చీలిపోయాయి. రేవు వైపు వాళ్ళు రత్నం, రోడ్డు వైపు వాళ్ళు సుధామణి. టీ దుకాణంలో సత్తిబాబు ఏ పక్షమూ తీసుకోకుండా రెండు పక్షాల చేతా టీలు పోయించుకున్నాడు. ఆదివారాలు ఇద్దరాడవాళ్ళూ బొమ్మకు చెరో పక్క నిలబడి, చెరో బొప్పాయి పట్టుకుని, రెప్పలు వాల్చి అటు ఎటో చూసేవారు. పెళ్ళి జంటలకు ఇది బాగా నచ్చి మధ్యలో నిలబడి ఫొటోలు దిగారు. మ్యూజియానికి ఎన్నడూ లేని జనం వచ్చారు. నరసింహం మాత్రం చిక్కిపోయాడు. “ఎవులైతే ఏటి? ఇద్దరూ ఒగ్గేయండే,” అని రోజుకోసారి బతిమాలేవాడు.

“నీకేటి, నీ మొకమా పోయింది?” అనేది రత్నం.

చివరికి మ తందాకే విసుగొచ్చింది. “ట్వంటే ఊళ్ళో మా ఫ్వా ఫ్వా ఉంది. పెద్దాయన చెల్లెలు. అప్పట్లో ఈ ఇంట్లో వంటంతా ఆవిడదే. పిలిపిస్తాను. ఆవిడ ఏం చెబితే అదే,” అంది. ఫ్వా ఫ్వా అంటే అమ్మమ్మా, నాయనమ్మా లాంటి పెద్దావిడ. ఇద్దరూ ఒప్పుకున్నారు. నరసింహం ఒప్పుకోలేదు గానీ, ఆయన్నెవరూ అడగలేదు.

ఆ తర్వాతి ఆదివారం ఫ్వా ఫ్వా బస్సు దిగింది. ఎనభై దాటి చాలా ఏళ్ళయింది. పళ్ళు లేవు, జ్ఞాపకం మాత్రం చెక్కుచెదరలేదు. చుట్ట కాల్చడానికి మ్యూజియంలో వీల్లేదంటే, “ఇది మా ఇల్లు,” అని ముట్టించింది. ఆమెను బొమ్మ ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. రత్నం, సుధామణి చెరో పక్కా నిలబడ్డారు. హాలు నిండిపోయింది. నరసింహం ఈసారి బల్ల మీద లేడు, ద్వారం దగ్గర చెప్పులు వెతుక్కుంటున్నాడు.

ఫ్వా ఫ్వా సుధామణి చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. “ఈ వేళ్ళు నాకు తెలుసు. బొమ్మలో చేతులు ఈ పిల్లవి. చేతులు బాగానే ఉండేవి, కానీ అస్తమానం వీపు గోక్కునేది. మా అన్న చేతులు వేసుకుని పంపేశాడు.”

సుధామణి తల కాస్త వంగింది.

ఫ్వా ఫ్వా రత్నం జడ పట్టుకుని చూసింది. “జుట్టు ఈ పిల్లది. కొబ్బరినూనె కూడా నేనే రాసేదాన్ని.”

“మరి మొకం?” అన్నారు ఇద్దరూ ఒకేసారి. తెలుగులో అన్నా ఫ్వా ఫ్వాకు అర్థమైంది.

“ముఖమా?” ఫ్వా ఫ్వా పొగ వదిలింది. “మీ ఇద్దరితో ముఖం ఎలా కుదురుతుంది? ఆవిడ గోక్కుంటుంది, ఈవిడ నవ్వుతుంది. మా అన్నకు విసుగొచ్చి, పొద్దున్నే పాలు పోసే కుర్రాణ్ణి పట్టుకున్నాడు. కోరంగీల అబ్బాయే, మీ తెలుగువాడే. దూడకున్నట్టు ఇంతింత రెప్పలు. గిన్నెడు చేపల పులుసు మొహింగా పెడితే కదలకుండా కూర్చునేవాడు. ఆ పెదవుల బిగింపు చూడండి, నవ్వనుకుంటారు అందరూ. నోటినిండా మొహింగా ఉండి మూశాడు.”

ఫ్వా ఫ్వా చుట్ట బూడిద రాల్చింది.

“పేరేమో... నరసిన్,” అంది ఫ్వా ఫ్వా.

అందరి తలలూ ద్వారం వైపు తిరిగాయి. నరసింహానికి ఒక చెప్పే దొరికింది.

సత్తిబాబు నెమ్మదిగా వెళ్ళి, తన అరచెయ్యి నరసింహం మీసం మీద అడ్డంగా పెట్టి, బొమ్మ వైపు చూశాడు, ఆయన వైపు చూశాడు. “బాబోయ్,” అన్నాడు. అంతే, కూలబడిపోయాడు. హాలంతా ఒక్కసారి గొల్లుమంది. పెళ్ళికూతురొకతె కాటుక కారిపోయేంతగా నవ్వింది. మ తందా మర్యాద మర్చిపోయి గోడ పట్టుకుంది.

“మొహింగా కోసం కూకున్నాను,” అన్నాడు నరసింహం ఎవరితోనో తెలియకుండా. “పదిహేడేళ్ళ గుంటడ్ని. ఆకలేసింది. ఆడపిల్లని సేస్తాడని నాకు సెప్పలేదు.”

రత్నం అందరికన్నా ఎక్కువ నవ్వింది. సుధామణి భుజం మీద పడి నవ్వింది. “నాను దిష్టి తీసింది నీకా మావా!” అంది. ఇద్దరూ చేతులు పట్టుకుని, పోట్లాట సంగతే మర్చిపోయి, నరసింహాన్ని మధ్యలో నిలబెట్టి బొప్పాయి చేతికిచ్చారు.

ఇంటికొచ్చాక మాత్రం రత్నానికి నవ్వు ఆగిపోయింది. పొయ్యి ముందు కూర్చుని బఠాణీలు కలుపుతూ ఉండిపోయింది. నరసింహం తన పరువు పోయిందన్న దుఃఖంలో ఉండి కాసేపు గమనించలేదు. గమనించాక, “నీకేటైనాది? నవ్వినంతసేపు నవ్వినావు గదా,” అన్నాడు.

“నేకపోతే ఏటి మావా. ఇన్నాళ్ళకి నా మొకం దొరికిందనుకున్నాను. అదీ నీదే అయిపోనాది,” అంది రత్నం. “నాను ఎలాగుండేదాన్నో ఇంక ఎవులికీ తెల్దు.”

నరసింహం రాళ్ళు ఏరే చేట పక్కన పెట్టాడు.

“నాకు తెలుసు,” అన్నాడు. “కుళాయి కాడ బిందెట్టుకుని అందరి మీదా అరిసేదానివి. మొకమంతా తనకా గంధం పూసుకుని, నోరు ఇంత తెరిసి. పళ్ళన్నీ కనబడేవి. ఈ గుంటని సేసుకున్నోడి గతేటి అనుకునేవాణ్ణి. పాలు పోయడానికి మీ సందులోకి రాకుండా, సుట్టూ తిరిగెళ్ళేవాణ్ణి.”

“అంత బయమా?”

“బయమే. మళ్ళీ సాయంత్రం కుళాయి కాడికొచ్చి నిలబడేవాణ్ణి.”

“ఎందుకు?”

“సూడ్డానికి,” అన్నాడు నరసింహం. చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని రాళ్ళ మీద చాలా శ్రద్ధ పెట్టాడు.

తర్వాత కొన్నాళ్ళు ఆయన సందులో తిరగలేకపోయాడు. టీ దుకాణంలో అడుగుపెడితే సత్తిబాబు లేచి నిలబడి, “ద్వీపకన్యగారికి కుర్చీ ఎయ్యండ్రా,” అనేవాడు. రేవులో ఒకప్పుడు ఆయన మీసానికి వణికిన కూలీలు ఇప్పుడు మనవళ్ళను వెంటబెట్టుకొచ్చి చూపించారు. మ తందా చీటీ మార్చి మూడు పేర్లు రాస్తానంటే నరసింహం ససేమిరా అన్నాడు. వారం పాటు అన్నాడు. ఆ వారంలో మ్యూజియానికి వచ్చిన ఒక స్కూలు టీచరమ్మ బొమ్మ ముందు నిలబడి, ఇంత అందమైన కళ్ళు తను ఎక్కడా చూడలేదని పక్కావిడతో అంది. బల్ల మీద కూర్చున్న నరసింహం అది విన్నాడు. మర్నాడు పొద్దున మ తందా దగ్గరకెళ్ళి, “రాస్తే రాయండి. పేరు సరిగ్గా రాయండి. నరసిన్ కాదు, నరసింహం,” అన్నాడు.

ఇక మిగిలింది రత్నం ముఖం. సుధామణి మనవరాలు మల్లిక బొమ్మలు నేర్చుకుంటోంది. ఆ పిల్లకు తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడాలంటే సగం బర్మీస్ కలుస్తుంది. అమ్మమ్మ పంపితే రంగుల పెట్టె పట్టుకుని వచ్చింది. మ్యూజియం పెరట్లో, అదే అరిటి గుబురు ముందు రత్నాన్ని కూర్చోబెట్టింది. ఒళ్ళో బొప్పాయి వద్దంది రత్నం. బఠాణీల బేసిను పెట్టుకుంది.

“అమ్మమ్మా, కదలకు షిన్,” అంది మల్లిక బర్మీస్ మర్యాద కలిపి.

“కదలట్లేదే.”

“నోరు కదుల్తాంది.”

“నోరు కదలకుండా ఎవులైనా ఉంటారేటి?”

మూడు ఆదివారాలు పట్టింది. కాగితాలు చాలా చిరిగాయి. చివరికి మల్లిక పెదవులు మూయించే ప్రయత్నం మానేసి, ఉన్నదున్నట్టు వేసింది. నోరు బారెడు, పళ్ళన్నీ బయటికి, ఒక కన్ను చిన్నది, ఒక కన్ను పెద్దది, బేసినులో పచ్చగా బఠాణీలు. వయసు అరవయ్యో పదహారో చూసేవాళ్ళకు తెలియదు. ఎందుకంటే నవ్వేటప్పుడు రత్నం ముఖంలో అది ఎవరికీ తెలియదు. రత్నం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “మరీ అంత నోరా?” అంది. అంటూనే పైటచెంగుతో బొమ్మ మీద దుమ్ము తుడవబోయి, ఇంకా తడి ఆరని రంగును కాస్త పులిమేసింది. మ తందా అది ఆరాక మెట్ల పక్కన వేలాడదీసింది.

ఇప్పుడు సుధామణి వంతు. “దాని మొకం ఏసినప్పుడు నా మొకం ఎయ్యవేటే,” అని మనవరాలి మీద పడింది. కొత్త జాకెట్టు కుట్టుకుని, పౌడరు రాసుకుని, అరిటి గుబురు ముందు నిటారుగా కూర్చుంది. మల్లిక ముక్కు దగ్గరికి వచ్చేసరికి వెనకనుంచి రత్నం గొంతు వినిపించింది.

“ముక్కు అంత సన్నంగా ఏటే, ఇంకొంచెం ఎడల్పు పెట్టు. నాకు తెలుసు, అది చిన్నప్పటి నుంచీ అంతే.”

“మల్లీ, దాన్ని ముందు బయటికి పంపు!” అంది సుధామణి, రెప్పలు వాల్చి, అటు ఎటో చూస్తూ. చూస్తూనే వీపు గోక్కుంది.